సర్టిఫికెట్‌లో ఏం రాయాలి?

మా నాన్న రిటైరై ఇన్నేళ్లయినా, ఇంట్లోకి వచ్చే ముందు గేటు పక్కనున్న ఇనప కమ్మీని ఒకసారి అరచేత్తో ముట్టుకుంటాడు. కొత్తవాళ్లు దండం పెట్టుకుంటున్నాడేమో అనుకుంటారు. ఒంట్లో స్టాటిక్ కరెంటు ఏమన్నా ఉంటే భూమిలోకి పోవాలి, ఆ తర్వాతే లోపల అడుగు పెట్టాలి, అదీ సంగతి. షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, సాలిడ్ ప్రొపెల్లెంట్ (ఘన ఇంధనం) ప్లాంటులో ఏళ్ల తరబడి పనిచేసిన చెయ్యి అది. టెరికాట్, పాలిస్టర్ చొక్కాలు ఆయనకి పడవు, కాటనే కావాలి. పండక్కి మా ఆయన మంచి మెరుపు చొక్కా ఒకటి తెచ్చిస్తే మడత విప్పకుండానే బీరువాలో పెట్టేశాడు. "ఏంది నాన్నా, ఇప్పుడు నువ్వు ఎక్కడికి పోతున్నావని?" అంటే నవ్వుతాడు గానీ తొడుక్కోడు.

నాకు సూళ్లూరుపేటలో డీటీపీ షాపుంది. పెళ్లి కార్డులు, స్కూలు ఐడీ కార్డులు, ఫ్లెక్సీలు, లామినేషన్. ఊరు షార్ వాకిట్లో ఉంది కాబట్టి రిటైర్మెంటు సన్మానాల పని కూడా బాగానే వస్తుంది. ఆ సన్మాన పత్రాలన్నిటికీ నా దగ్గర ఒకటే ఫైలు. "అంతరిక్ష రంగంలో తమరు అందించిన అమూల్యమైన సేవలకు గుర్తింపుగా..." పైన పేరు మారుస్తాను, కింద తేదీ మారుస్తాను, ప్రింట్ కొడతాను. చుట్టూ బంగారు రంగు బోర్డర్. ఇన్నేళ్లలో ఎవరూ "ఆ సేవలేందమ్మా?" అని అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

ఈసారి ఆగస్టు 23కి ముందు మా వీధివాళ్లు వచ్చారు. 2023లో ఆ రోజు సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి మీద దిగింది, అప్పటి నుంచి ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుతున్నారు. కల్యాణ మండపంలో చిన్న ఫంక్షను, పదిమందికి సన్మానం, పిల్లలకి క్విజ్. లిస్టు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. చూశాను. అందరూ పెద్ద ఇంజనీర్లు, సైంటిస్టులు. నాకు వాళ్ల మీద ఏ కోపమూ లేదు, వాళ్లలో ఇద్దరు నా చిన్నప్పుడు మా క్వార్టర్స్‌లోనే ఉండేవాళ్లు, ఒకాయన నాకు లెక్కలు కూడా చెప్పాడు. కానీ లిస్టులో ఒక ఫిట్టర్ లేడు, ఒక హెల్పర్ లేడు, బస్సు డ్రైవరు లేడు, ఫైర్ సర్వీసు మనిషి లేడు. అదే అన్నాను. "అయితే నువ్వే ఇంకొక లిస్టు రాసియ్యి పాపా, మాకు తెలిసినవాళ్లు వీళ్లే" అన్నారు. మాట పడ్డాను గదా, ఇంటికొచ్చి నాన్న పక్కన కూర్చున్నాను.

"మీ ప్లాంటులో అసలు నువ్వు ఏం చేసేవాడివి?" అని సరిగ్గా అడగడం నాకు అదే మొదలు. చిన్నప్పుడు ఎవరడిగినా "మా నాన్న రాకెట్‌లో మందు పోస్తాడు" అని చెప్పేదాన్ని. మరీ తప్పు కూడా కాదది.

మోటార్ కేసు అంటే పెద్ద ఉక్కు డొల్ల. పీఎస్ఎల్వీ రాకెట్ మొదటి దశలో ఇలాంటివి అయిదు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, అడ్డం 2.8 మీటర్లు. లోపలి గోడకి వేడి తగలకుండా రబ్బరు పొర అతికిస్తారు. నడుమ మాండ్రెల్ అనే పొడుగాటి అచ్చు నిలబెడతారు. దాని చుట్టూ ప్రొపెల్లెంట్ పోస్తారు. మూడింట రెండు వంతులు అమోనియం పర్‌క్లోరేట్, తర్వాత అల్యూమినియం పొడి, వీటన్నిటినీ పట్టి ఉంచడానికి హెచ్‌టీపీబీ అనే జిగురు. కలిపినప్పుడు గారెల పిండి మాదిరి చిక్కగా, బూడిద రంగులో జారుతూ ఉంటుందంట. గాలి బుడగ మిగలకుండా వాక్యూమ్‌లో పోస్తారు. ఆ తర్వాత రోజుల తరబడి వేడిలో ఉంచితే గట్టి రబ్బరవుతుంది. అప్పుడు మాండ్రెల్‌ని పైకి లాగేస్తారు. నడుమ మిగిలిన ఖాళీలోనే మంట పుడుతుంది, అక్కడి నుంచి గోడ వైపుకి కాలుతూ పోతుంది. ఆ ఖాళీ నక్షత్రం ఆకారంలో ఉందా, గుండ్రంగా ఉందా అనే దాన్ని బట్టి ఏ సెకనుకి రాకెట్ ఎంత బలంగా లేవాలో తేలుతుంది.

మిక్సింగ్ మొదలైతే ఆ బిల్డింగ్‌లో మనిషి అనేవాడు ఉండడు. దూరంగా కంట్రోల్ రూమ్‌లో టీవీలో చూస్తూ నడుపుతారు. కానీ దానికి ముందు, దాని తర్వాత అంతా చేతుల పనే. మా నాన్నది మాండ్రెల్ దగ్గర పని. దాని మీద టెఫ్లాన్ పూత ఉంటుంది, ప్రొపెల్లెంట్ అంటుకోకుండా. ఆ పూత మీద గోరుతో గీసినంత గీత ఉన్నా లాగేటప్పుడు అక్కడ ప్రొపెల్లెంట్ పట్టుకుంటుంది, చిన్న చీలిక వస్తుంది. చీలిక వచ్చిందంటే మంటకి కాలడానికి ఎక్కువ జాగా దొరికినట్టే. లోపల ప్రెషర్ అనుకున్నదాని కన్నా పెరుగుతుంది, కేసే పగలొచ్చు. పోసిన తర్వాత ఎక్స్‌రేలు తీసి చూస్తారు, అది వేరే వాళ్ల పని. అసలు ఆ చీలిక రాకుండా చూడటం ఈయన పని.

"లైటు పక్కనుంచి కొట్టాలమ్మా. ఎదురుగా కొడితే గీత కనపడదు" అన్నాడు. టార్చి లేదు కాబట్టి సెల్‌ఫోన్ లైటు వేసి, మా డైనింగ్ టేబుల్ గ్లాసు మీద చూపించాడు. ఎదురుగా పెడితే గ్లాసు శుభ్రంగా ఉంది. ఫోను పక్కకి వాల్చి పట్టుకుంటే మా పిల్లలు కంపాస్ బాక్సుతో చేసిన గీతలన్నీ లేచి కూర్చున్నాయి. ఆ తర్వాత అరచెయ్యి కాదు, వేళ్ల వెనక వైపు పెట్టి నిదానంగా జార్చాడు. వేళ్ల కొసలు పనిచేసి పనిచేసి మొద్దుబారతాయి, వెనక చర్మానికి ఇంకా తెలుస్తుంది అని చెప్పాడు. ఇది ఆయనకి చెప్పింది ఎవరు? తనకన్నా ముందు చేరిన ఇంకొక టెక్నీషియన్. ఆయనకి చెప్పింది ఎవరో తెలీదు.

ఇంకొక భయం, చెమ్మ. అమోనియం పర్‌క్లోరేట్‌కి తేమ పడదు. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకొక పక్క పులికాట్ సరస్సు, మధ్యలో దీవి. ఉప్పు గాలికి మా ఇంట్లో గోడ మేకులే తుప్పు పట్టి రాలిపోతుంటాయి. అలాంటి చోట గాలిలో తేమ కొలుచుకుంటూ, ఏసీలు ఆగకుండా చూసుకుంటూ పనిచెయ్యాలి. ఆ ఏసీ మెకానిక్కుల పేరు కూడా లిస్టులో రాసుకోమన్నాడు. రాసుకున్నాను. చంద్రయాన్-3ని తీసుకుపోయిన రాకెట్ బరువు 640 టన్నుల దాకా ఉంటే, అందులో 400 టన్నుల పైన ఈ ఘన ఇంధనమే. రాకెట్‌కి రెండు పక్కలా కట్టిన ఎస్-200 మోటార్లు, వాటినే స్ట్రాపాన్లు అంటారు. రెండు నిమిషాల్లో కాలిపోయి సముద్రంలో పడిపోతాయి. నెలల పని. టీవీలో అయితే "స్ట్రాపాన్లు విడిపోయాయి" అని ఒక ముక్క చెప్పి ముందుకు పోతారు.

2004 ఫిబ్రవరి 23 గురించి నాన్న తనంతట తాను ఎప్పుడూ మాట్లాడడు. ఆ రోజు ఘన ఇంధనం ఉన్న చోట మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. సాయంత్రం బస్సులు వచ్చే టైముకి మా వీధి ఆడవాళ్లంతా రోడ్డు మీదే ఉన్నారు. అప్పటికి సెల్‌ఫోన్లు అందరి దగ్గరా లేవు, లోపలికి ఎటూ తీసుకుపోనివ్వరు. ఏ బస్సులో ఎవరు దిగుతున్నారో చూడటమే. మా అమ్మ ఆ రోజు ఏం మాట్లాడిందో నాకు గుర్తు లేదు గానీ, నాన్న దిగాక ఆయన చేతిలోని టిఫిన్ క్యారియర్ లాక్కుని గబగబా ఇంటికి నడిచింది, అది గుర్తుంది. ఆ ఆరుగురి పేర్లు ఇక్కడ రాయడం లేదు. వాళ్ల ఇళ్లవాళ్లని అడగాలి ముందు. నా లిస్టులో మాత్రం మొదటి ఆరు గీతలు వాళ్లవి. ఒప్పుకున్న వాళ్ల పేరు స్టేజీ మీద చదువుతాం, వద్దన్నవాళ్లది వదిలేస్తాం.

ద్రవ ఇంధనం వాళ్లది ఇంకొక లోకం. యూహెచ్-25 అని ఒకటి, నైట్రోజన్ టెట్రాక్సైడ్ అని ఇంకొకటి. రెండూ కలిస్తే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేదు, అంటుకుంటాయి. విడివిడిగా కూడా పీలిస్తే ప్రాణం మీదికొచ్చే రకం. తల నుంచి కాలి దాకా మూసిన సూటు వేసుకుని, గాలి గొట్టం తగిలించుకుని నింపాలి. మా వైపు మే నెల ఎండ తెలిసినవాళ్లకి ఆ సూటులో నిలబడటం ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

2013 ఆగస్టు 19న జీఎస్ఎల్వీ-డీ5 రాకెట్ ఎగరాలి. 74 నిమిషాల ముందు రెండో దశలో ఇంధనం కారుతోందని కనిపెట్టి ఆపేశారు. మేడల మీద నిలబడ్డ మేమంతా "అయ్యో" అనుకుని కిందికి దిగి అన్నాలు తిన్నాం. అక్కడ మాత్రం పని అప్పుడే మొదలయింది. నింపిందంతా వెనక్కి తియ్యాలి. కారుతున్న రాకెట్ దగ్గరికి మనుషులు పోవాలి. నింపడం కన్నా తియ్యడమే గండం అంటాడు మా పక్కింటి మామయ్య, ఆ విభాగంలో చేసినాయన. రాకెట్‌ని మళ్లీ బిల్డింగ్‌లోకి తీసుకుపోయి విప్పి సరిచేసి, 2014 జనవరి 5న ఎగరేశారు, బ్రహ్మాండంగా పోయింది. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆగస్టు రాత్రి పనికి ఎవరు కొట్టారు? నన్నడిగితే సన్మానం చెయ్యాల్సింది ఆ రాత్రికి. చంద్రయాన్-2 కూడా అంతే, 2019 జులై 15 తెల్లవారుజామున 56 నిమిషాల 24 సెకన్లు మిగిలి ఉండగా ఆపారు, రాష్ట్రపతి కూడా వచ్చి ఉన్నారు. వారం తిరిగేసరికి 22న ఎగిరింది. ఆ వారం లోపలున్నవాళ్లకి నిద్ర ఎక్కడిది?

షార్ గోడ దాటి కూడా లిస్టు పెరుగుతూ పోయింది. యూహెచ్-25, హెచ్‌టీపీబీ తణుకులో ఆంధ్రా షుగర్స్ వాళ్లు చేస్తారు. పంచదార కంపెనీ పేరు విని మా పిల్లలు నమ్మలేదు. మోటార్ కేసులకి కావలసిన గట్టి ఉక్కు హైదరాబాద్‌లో మిధాని అనే ప్రభుత్వ లోహాల కంపెనీలో పోస్తారు. తమిళనాడులోని మహేంద్రగిరి నుంచి, బెంగళూరు నుంచి పెద్ద ట్రైలర్ల మీద సరుకు రోడ్డున వస్తుంది. ముందొక జీపు, వెనకొక జీపు, నడుమ నిదానంగా ట్రైలరు. ఆ డ్రైవర్లు మా ఊళ్లో టీ తాగేటప్పుడు కూడా లోపలేముందో చెప్పరు. వాళ్లకే తెలియదేమో కూడా.

ఇక్కడ నాన్న కాసేపు ఆగి, "యానాదుల్ని రాశావా?" అన్నాడు.

రాయలేదు. షార్ రాకముందు శ్రీహరికోట దీవి అంటే అడవి, ఆ అడవిలో యానాదులు. అక్కడి కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. 1969లో ఈ చోటు ఎంచుకున్నారు, 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఇక్కడి నుంచి మొదటిసారి లేచింది. ఆ నడుమ దీవిలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. భూమి ఇచ్చినవాళ్లని త్యాగధనులు అంటుంటారు, అడిగి తీసుకుంటే గదా త్యాగం. తర్వాత వాళ్లలో కొందరికి అక్కడే చిన్న పనులు దొరికాయి. పొదలు కొట్టడం, ఊడవడం, మోయడం. నాన్న చేరిన కొత్తలో ఏ దారిన పోతే ఇసుకలో బండి దిగబడదో, ఎక్కడ పాముంటుందో చెప్పింది వాళ్లే. ఒక పెద్దాయన గురించి చాలాసేపు చెప్పాడు. చెప్పులు లేకుండా నడిచేవాడంట, పాము పోయిన గీత చూసి అది ఎంతసేపటి కిందటిదో చెప్పేవాడంట. ఆయన పేరు మీద సర్టిఫికెట్ కొట్టాలంటే ఆయన మనవళ్లు తడ వైపు ఎక్కడో ఉన్నారు, వెతకాలి.

కాంట్రాక్టు వాళ్ల సంగతి ఇంకా చిక్కు. రిటైర్మెంటు ఫంక్షన్ అనేది వాళ్లకి ఉండదు. కాంట్రాక్టు మారినప్పుడల్లా జీతమిచ్చే పేరు మారుతుంది, మనిషీ అదే, చీపురూ అదే. మా షాపుకి వచ్చే ఒకావిడ ఇట్లా చాలామంది కాంట్రాక్టర్లని చూసింది. పాత కాంట్రాక్టర్ ఒకాయన దగ్గర పీఎఫ్ లెక్క ఇప్పటికీ తేలలేదని జిరాక్సులు తీయించుకుంటూ తిరుగుతోంది. ఆవిణ్ణి స్టేజీ మీదికి పిలుస్తానంటే, "శాలువా వద్దులే గానీ, ఆ అర్జీ ఒకటి శుభ్రంగా టైపు చేసియ్యి" అంది. చేసిచ్చాను. పేరు మాత్రం లిస్టులోంచి తియ్యలేదు.

జాలరివాళ్లని రాసింది నేను, నాన్న కాదు. లాంచింగ్ అంటే సముద్రంలో ఫలానా మేర వేటకి పోవద్దని ముందే చెప్తారు, తీరంలో కాపలా తిరుగుతుంది. రాకెట్ కింద మనుషులు ఉండకూడదు, న్యాయమే. కానీ వాయిదా పడితే మళ్లీ ఇంకొక రోజు పడవ ఒడ్డునే. మన మేడ మీది సంబరానికి వాళ్ల ఒక పూట వేట పెట్టుబడి. కమిటీవాళ్లు దీనికి కొంచెం నొసలు ముడిచారు. "వాళ్లు రాకెట్‌కి ఏం చేశారమ్మా?" అన్నారు. సముద్రం ఖాళీ చేశారన్నా, అన్నాను.

ఒక గొంతుని కూడా చేర్చాను. లాంచింగ్‌లకి కౌంట్‌డౌన్ చెప్పే వలర్మతి గారు. చంద్రయాన్-3కి కూడా ఆవిడే చెప్పింది. 2023 జులై 14న రాకెట్ ఎగిరింది, ల్యాండర్ దిగడం కూడా అయింది, సెప్టెంబర్‌లో ఆవిడ కన్నుమూసింది. మా ఇళ్లలో ఆవిడ గొంతు వినపడితే పిల్లలు చెప్పులు కూడా వేసుకోకుండా మేడ మెట్లు ఎక్కేవాళ్లు. ఆవిడ పేరు దేశానికి తెలిసిందే, కానీ అది కూడా పోయిన తర్వాతే.

ఇంతకీ షాపులో నేను తెచ్చిన మార్పు ఏంటంటే, ఆ పాత ఫైలు పక్కన పెట్టేశాను. "అమూల్యమైన సేవలు" తీసేశాను. ఒక్కొక్కరికి వాళ్లు చేసిన పని ఏంటో రాయాలి. నింపిన ఇంధనాన్ని వెనక్కి తీసిన బృందంలో ఒకరు అని. దీవిలో దారులు చూపించారు అని. షిఫ్టు బస్సు టైముకి నడిపారు అని. ఇంజనీర్లకి కూడా అంతే, వాళ్లకి మినహాయింపు లేదు. నాకు లెక్కలు చెప్పిన సారు ఫోన్ చేసి, "నాకు ఏం రాస్తున్నావు?" అని అడిగాడు. "మీరే చెప్పండి సార్" అంటే చాలాసేపు ఆలోచించి, ఒక వాల్వు గురించి చెప్పాడు. దాని కోసం మూడు నెలలు కొట్టుకున్నాడంట. ఆయన చేసిన పెద్ద పెద్ద ప్రాజెక్టుల పేర్లు ఒక్కటి కూడా చెప్పలేదు.

కమిటీవాళ్లు ఒక షరతు పెట్టారు. ఒక్కొక్కరికి రెండు లైన్లే, లేకపోతే ఫంక్షన్ రాత్రి దాకా సాగుతుంది, మండపం తొమ్మిదింటికి ఖాళీ చెయ్యాలి.

నాన్నది నేనే రాశాను: "పీఎస్ఎల్వీ మోటార్లకు మాండ్రెల్ తయారీలో పనిచేశారు." చదివి పెన్ను తీసుకున్నాడు. తయారీ కాదు, తనిఖీ అన్నాడు. పీఎస్ఎల్వీ ఒక్కటే కాదు, చివర్లో ఎస్-200 కూడా అన్నాడు. "పనిచేశారు" పక్కన "షిఫ్టులో ఉన్న మిగతావాళ్లతో కలిసి" అని చేర్చమన్నాడు. గీత కనపడితే వెనక్కి పంపేవాడినని రాయమన్నాడు, ఎందుకంటే వెనక్కి పంపినప్పుడల్లా పైవాళ్లతో మాట పడేవాడంట. ఇప్పుడది నాలుగు లైన్లయింది. ఫాంటు తగ్గించి చూశాను, కళ్లద్దాలు పెట్టుకున్నా ఎవరికీ కనపడదు. రేపు కమిటీవాళ్లు ప్రూఫ్ చూసుకోవడానికి వస్తారు. క్విజ్‌లోంచి ఒక రౌండు తీసెయ్యమని అడుగుదామనుకుంటున్నాను.